బ్రూక్లిన్ పాత ఇంటి రేకు కార్నిస్: రిపేరా, మార్చేయడమా?

అందరికీ నమస్కారం. మాది బ్రూక్లిన్ పార్క్ స్లోప్‌లో 1880ల నాటి బ్రౌన్‌స్టోన్ (ముందువైపు గోధుమరంగు రాయి తాపిన) ఇల్లు. ముందువైపు పైన, మన చూరులా పొడుచుకొచ్చిన కార్నిస్ ఉంది. చూడ్డానికి చెక్కిన రాయిలా ఉంటుంది గానీ, అసలుకి చెక్క ఫ్రేమ్ మీద కొట్టిన జింక్ పూత ఇనప రేకు. మేమూ మూడేళ్లు రాయే అనుకున్నాం!

మొన్న పైకెక్కి చూస్తే, ఎడమ చివర, కార్నిస్ కింద ఆసరాలా కనిపించే బ్రాకెట్ దగ్గర రేకు అప్పడంలా పెళుసెక్కింది. వేలితో నొక్కితే తుప్పు పొడి రాలింది. వెనక చెక్క తడిసి మెత్తబడింది. నీళ్లు పైకప్పు అంచు నుంచే దిగుతున్నాయని నా అనుమానం. మిగతా రేకు గట్టిగానే ఉంది, పెయింటే పెచ్చులు లేస్తోంది.

ఒక కాంట్రాక్టర్ మొత్తం పీకేసి ఫైబర్‌గ్లాస్ పెడదామంటున్నాడు. ఇంకొకాయన చిల్లుల మీద తారు పూస్తే చాలన్నాడు, అది నాకు అస్సలు నచ్చలేదు. పైగా మా వీధి 1973లో ప్రకటించిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో, అంటే పాత కట్టడాలను కాపాడే ప్రాంతంలో ఉంది. మార్చాలంటే ఆ కట్టడాలను చూసుకునే నగర సంస్థ, ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి.

ఇలాంటి పని చేయించినవాళ్లుంటే చెప్పండి. పాడైన ముక్క వరకే కోసి కొత్త రేకు అతికిస్తే నిలుస్తుందా? టంకం వేయించారా, రివెట్లు కొట్టించారా? ఆయిల్ పెయింట్ జింక్ మీద నిలవదు కదా, ఏ ప్రైమర్ వాడారు? పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చని ఇంకో టెన్షన్, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. గీకించేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకున్నారు? మంచు పడేలోపు కనీసం ఆ నీళ్లయినా ఆపాలి.