జపాన్‌లో పక్కింటి పెద్దావిడ ఓబోన్‌కి పిలిచారు, ఎలా నడుచుకోవాలి?

నమస్కారం. మేం సైతామాలో ఉంటున్నాం. పక్కింటి పెద్దావిడ 15న ఓబోన్‌కి (పోయినవాళ్ల ఆత్మలు ఇంటికి వస్తాయని నమ్మే బౌద్ధ పండుగ) మమ్మల్ని భోజనానికి పిలిచారు. వాళ్లాయన పోయాక ఇదే మొదటి ఓబోన్.

నిన్న వెళ్తే బుత్సుదాన్ (ఇంట్లో ఉండే బౌద్ధ పూజామందిరం) ముందు కీరదోసకాయకీ వంకాయకీ పుల్లలు గుచ్చి, నాలుగు కాళ్లమీద నిలబెట్టారు. పోయిన ఆయన కీరదోసకాయ గుర్రమెక్కి త్వరగా రావాలట, తిరిగి వెళ్లేటప్పుడు వంకాయ ఆవు మీద నిదానంగా వెళ్లాలట. చెబుతూనే ఆవిడ వంకాయ ఆవును కాస్త సరిచేసి పెట్టారు. నాకు మా మహాలయ పక్షాలు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

షింతో గుళ్లలోలాగా ఇక్కడ చప్పట్లు కొట్టకూడదనీ, అగరుబత్తి మంటను నోటితో ఊదకూడదనీ తెలుసు. కానీ ఎన్ని వెలిగించాలి? నిలబెట్టాలా, విరిచి పడుకోబెట్టాలా? బౌద్ధ శాఖను బట్టి మారుతుంది కదా, "మీది ఏ శాఖ?" అని ఆవిడనే అడిగితే తప్పుగా అనుకుంటారా?

మొదటి ఓబోన్ కాబట్టి నల్లబట్టలే వేసుకోవాలా? డబ్బు కవరు ఇవ్వాలా, పళ్లు చాలా? ఇంట్లో చేసిన సున్నుండలు బుత్సుదాన్ ముందు పెట్టమని ఇవ్వొచ్చా? ఆయనకి అవంటే చాలా ఇష్టం. తెలియక ఆవిడ మనసు నొప్పిస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. జపాన్‌లో ఉన్నవాళ్లు, ఇలాంటి ఇళ్లకు వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.