అప్‌డేట్: స్వాల్‌బార్డ్ వెళ్లొచ్చాం

జులై చివర్లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు గైడెడ్ టూర్ వెళ్తున్నాం, 2025లో వచ్చిన దూరం రూల్ వల్ల ధ్రువ ఎలుగుబంట్లు అసలు కనిపిస్తాయా అని అడిగాను కదా. కనిపించాయి!

మార్చి నుంచి జూన్ 30 వరకు 500 మీటర్లు, మిగతా కాలంలో 300 మీటర్ల దూరం పాటించాలి. మామూలు కంటికి లేత పసుపు చుక్కే. మీరు చెప్పినట్టు మంచి బైనాక్యులర్స్ కొనడం ఎంత మేలయిందో! తల్లి మంచు మీద పడుకుంటే పిల్ల దాని వీపెక్కుతూ, జారుతూ ఉంది. ఓడలో ఎవరూ నోరు మెదపలేదు. ఆ దూరం ఉండాల్సిందేనని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

నా మనసు మాత్రం ఆల్కెఫ్యెల్లెట్ కొండ దగ్గరే ఉండిపోయింది. నిలువు రాతిగోడ నిండా వేల గిల్లెమాట్ పక్షులు. గూడు కట్టవు, ఉత్త రాతి మీదే గుడ్డు పెడతాయి. మూడు వారాల పిల్ల ఇంకా సరిగ్గా ఎగరడం రాకుండానే సముద్రంలోకి దూకేస్తుంది, వెంట తండ్రి పక్షి. అలా ఒకటి మా బోటు పక్కనే పడింది. తండ్రి అరుపు వినపడగానే అటు ఈదుకుంటూ పోయింది.

నిద్రకు కళ్లపట్టీ తప్పనిసరి. ఆగస్టు మూడో వారం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు.