ఆఫీసులో, కాలేజీలో డీఈఐ: మీ దగ్గర నిజంగా పనిచేసింది ఏది?

నీలిసిరా:
మా ఆఫీసులో డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్ కమిటీ వేసి అందులో నన్నూ చేర్చారు. మొదటి మీటింగులో వచ్చిన ఆలోచనలు ఇవి: ఒక ఉపన్యాసం, గోడలకి పోస్టర్లు, అందరిచేతా ప్రతిజ్ఞ. వాటి మీద నాకు కోపమేం లేదు. కానీ ఆ మర్నాడు ఎవరి పనిలో ఏం మారుతుందో మాత్రం తెలియడం లేదు.

నాకు అర్థమైనంతలో డైవర్సిటీ అంటే లోపల ఎవరెవరు ఉన్నారన్నది. ఈక్విటీ అంటే ఎవరికి ఏది అడ్డొస్తోందో చూసి దాన్ని తీసెయ్యడం. ఇంక్లూజన్ అంటే వచ్చినవాళ్ళ మాట అక్కడ చెల్లుతోందా అన్నది. మొదటిది తలలు లెక్కపెడితే తేలిపోతుంది కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు. మిగతా రెండూ ఎలా చెయ్యాలో చెప్పండి. ఉద్యోగులు, టీచర్లు, విద్యార్థులు ఎవరైనా సరే, మీ దగ్గర చేసి చూసినవి రాయండి. నిర్వచనాలు వద్దు.

నియామకాలబల్ల:
నేను ఉద్యోగాలకి మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను. ఇంటర్వ్యూ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. అభ్యర్థి బయటికి వెళ్ళగానే పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, "మనిషి మంచివాడే, కానీ మన టీములో కలుస్తాడనిపించలేదు" అంటాడు. అంతే, అప్పటిదాకా ఎంతో కొంత నచ్చినవాళ్ళు కూడా తలూపేస్తారు. కలవకపోవడం అంటే ఏమిటని ఎవరూ అడగరు. చాలాసార్లు అది యాస, బట్టలు, చదివిన కాలేజీ పేరు, నవ్వే తీరు.

మేము మూడు మార్పులు చేశాం. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో. ప్రతి ప్రశ్నకీ మంచి జవాబు ఎలా ఉంటుందో ముందే కాగితం మీద రాసుకోవడం. అభ్యర్థి వెళ్ళాక ఎవరూ నోరు తెరవకముందే ఎవరి మార్కులు వాళ్ళు వేసి ఇచ్చెయ్యడం, పెద్దాయన చివర్లో మాట్లాడటం. ఇందులో పైసా ఖర్చు లేదు. "కలవడు" అన్న మాట పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు ఆ మాట అన్నవాళ్ళు కాగితంలో ఏ ప్రశ్న దగ్గర మార్కులు తగ్గాయో చూపించాల్సి వస్తోంది.

ఇది ఊహ కాదని చెప్పడానికి ఒక పరిశోధన. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి దాదాపు 5,000 బయోడేటాలు పంపారు. అర్హతలు ఒకలాంటివే. కొన్నిటి మీద తెల్లవాళ్ళకి ఎక్కువగా ఉండే పేర్లు, కొన్నిటి మీద నల్లవాళ్ళకి ఎక్కువగా ఉండే పేర్లు పెట్టారు. 2004లో ఫలితం అచ్చయింది. మొదటి రకం పేర్లకి సుమారు 10 దరఖాస్తులకి ఒక పిలుపు, రెండో రకానికి సుమారు 15కి ఒకటి. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, మొహం కూడా చూడలేదు. పేరు చదివారు, అంతే.

సూటిమాట:
నాకో సందేహం ఉంది, మనసులో ఉంచుకోకుండా అడుగుతున్నాను. పని బాగా వచ్చినవాళ్ళకి ఉద్యోగం, బాగా రాసినవాళ్ళకి సీటు. ఇంతకంటే న్యాయం ఏముంది? ఈక్విటీ పేరుతో ఒకరికి ఒక కొలత, ఇంకొకరికి ఇంకో కొలత పెడితే రాత్రింబవళ్ళు కష్టపడ్డవాడు ఏమైపోవాలి? మా ఇంట్లో కూడా కష్టపడి చదివే పిల్లలున్నారు. ఈ ప్రశ్న అడగ్గానే మనిషిని చెడ్డవాణ్ణి చేసెయ్యకుండా జవాబు చెప్పండి.

తీర్పుపుస్తకం:
సూటిమాట గారూ, మంచి ప్రశ్న. కొలత వద్దని ఎవరూ అనడం లేదు. కొలుస్తున్నది పనినేనా అన్నదే అసలు సంగతి.

అమెరికాలో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ అనే కేసు ఉంది, తీర్పు 1971లో వచ్చింది. నార్త్ కరోలినాలో ఒక విద్యుత్ కేంద్రం. నల్లజాతి ఉద్యోగుల్ని ఒక్క కూలి విభాగంలోనే పెట్టేవాళ్ళు. అక్కడి అతి పెద్ద జీతం కూడా మిగతా విభాగాల్లో అతి చిన్న జీతం కంటే తక్కువ. తర్వాత మిగతా విభాగాల్లోకి వెళ్ళాలంటే హైస్కూలు సర్టిఫికెట్ ఉండాలన్నారు, ఆపైన పరీక్షలూ పెట్టారు. చూడటానికి అందరికీ ఒకే నియమం. కానీ ఆ సర్టిఫికెట్ లేకుండానే అంతకుముందు చేరినవాళ్ళు అవే విభాగాల్లో పని చక్కగా చేస్తున్నారు, ప్రమోషన్లూ తెచ్చుకుంటున్నారు. అంటే ఆ సర్టిఫికెట్‌కీ పనికీ సంబంధం లేదు. మనుషుల్ని ఆపడానికే అది పనికొచ్చింది. ఉద్దేశం ఏదైనా సరే, పనితో సంబంధం లేని అర్హత ఒక వర్గాన్ని బయట నిలబెడితే చెల్లదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

ఇంకొకటి కూడా చూడండి. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి ఎంపిక వేళ వాయించేవాళ్ళకీ వినేవాళ్ళకీ మధ్య తెర కట్టడం మొదలుపెట్టాయి. అడుగుల చప్పుడుని బట్టి ఆడో మగో తెలిసిపోతుందని కొన్నిచోట్ల కింద తివాచీ కూడా పరిచారు. అక్కడి అయిదు ప్రముఖ ఆర్కెస్ట్రాల్లో 1970లో ఆడవాళ్ళు 5 శాతం కంటే తక్కువ, 1990ల చివరికి దాదాపు 25 శాతం. క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌజ్ 2000లో దీని మీద పత్రం రాశారు. తెర ఒక్కటే కారణం కాదు, దరఖాస్తు చేసే ఆడవాళ్ళూ పెరిగారు. అయినా గమనించండి, తెర వేసినందువల్ల సంగీతం స్థాయి తగ్గలేదు. చెవులు చెయ్యాల్సిన పనిని అప్పటిదాకా కళ్ళు చేస్తూ వచ్చాయి.

సుద్దముక్క:
నేను కాలేజీలో పాఠం చెప్తాను. మా క్లాసులో చూపు బాగా తక్కువున్న ఒక అమ్మాయి చేరింది. ఆమె అడిగింది రెండే: బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమంది, స్లైడ్లు ముందురోజు పంపమంది. ఆమె వాటిని ఫోనులో పెద్ద అక్షరాలు చేసుకుని చదువుకునేది.

అలా చదువుతూ రాయడం మొదలుపెట్టాక నా వేగం తగ్గింది. "ఇది ఇక్కడ నుంచి ఇలా వస్తుంది" అని వేలు చూపిస్తే ఆమెకి ఏం తెలుస్తుంది? "రెండో లైనులో ఉన్న ఎక్స్‌ని ఎడమవైపుకి తెచ్చాం, గుర్తు మారింది" అని చెప్పాలి. అలా చెప్తుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా నోట్సు రాసుకోవడం కనిపించింది. స్లైడ్లు ముందురోజే వస్తాయి కాబట్టి ఇంగ్లీషు తడబడేవాళ్ళు మాటలకి అర్థాలు చూసుకుని క్లాసుకి వచ్చేవాళ్ళు.

చక్రాల కుర్చీలో తిరిగిన రాన్ మేస్ అనే ఆర్కిటెక్ట్, కట్టడాలన్నీ మొదట్నించే అందరికీ వీలుగా ఉండాలన్న ఆలోచనని ప్రచారంలోకి తెచ్చారు. 1984లో మొదలైన కాస్ట్ (CAST) అనే అమెరికా సంస్థ అదే ఆలోచనని పాఠాల్లోకి తెచ్చింది. క్లాసు నడుస్తుండగా ఒక్కొక్కరికీ విడిగా అతుకులు వెయ్యడం కంటే, పాఠం తయారుచేసేటప్పుడే వినే దారి, చదివే దారి, చేసి చూసే దారి పెట్టుకోవడం. టీచర్లకి నేను గట్టిగా చెప్పదలచింది ఇదే: సెమిస్టర్ మొదలవ్వకముందు చెయ్యండి. పరీక్ష ముందు రోజు టెన్షన్‌లో ఏ సర్దుబాటూ సరిగా కుదరదు.

ఇంకోమాట. కొందరు దీన్ని దయ అనుకుంటారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం ప్రకారం, మోయలేని భారం కాని తగిన సర్దుబాటు చెయ్యకపోవడం వివక్షే.

పెదవులుచూసేమనిషి:
సుద్దముక్క గారూ, మీ విద్యార్థిని అదృష్టవంతురాలని రాయబోయి ఆగాను. అది అదృష్టం మీద ఆధారపడకూడదు.

నాకు వినికిడి తక్కువ. మెషిన్ పెట్టుకుంటాను, దాంతోపాటు ఎదుటివాళ్ళ పెదవులు చూసి అర్థం చేసుకుంటాను. మా మీటింగు ఎలా ఉంటుందంటే, ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరు అందుకుంటారు. నేను తల తిప్పి ఎవరు మాట్లాడుతున్నారో వెతికేలోపు మూడో మనిషి ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఎందుకో తెలియకుండా. తర్వాత పక్కనున్నావిణ్ణి అడిగితే "ఏం లేదులే, చిన్న విషయం" అంటుంది. ఆ చిన్న విషయాల్లోనే పనులు ఎవరికి వెళ్ళాలో తేలిపోతుంది. సాయంత్రానికి నాకు తలనొప్పి. వినడం కోసం రోజంతా కళ్ళు చేసే కష్టం బయటికి కనబడదు.

కొత్తగా వచ్చిన మేనేజర్ ఏం చేశారంటే, ప్రతి ఆన్‌లైన్ మీటింగులోనూ అందరికీ కాప్షన్లు, అంటే మాట్లాడేది తెర మీద అక్షరాల్లో వచ్చే ఏర్పాటు పెట్టించారు, నా ఒక్కడికే కాదు. మాట్లాడాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తి, పేరు చెప్పి మాట్లాడాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు, కిటికీ వెలుగు వీపు వెనక పడేలా కూర్చోకూడదు, ఎందుకంటే మొహం నల్లగా కనబడుతుంది. నిర్ణయాలన్నీ మీటింగు అయ్యేలోపే రాతలో ఉండాలి. నాకు అన్నిటికంటే మేలు చేసింది, ప్రతిసారీ నేను అడగక్కర్లేకపోవడం. అడగడం కూడా ఒక పనే. రోజూ అడిగేవాడు కొన్నాళ్ళకి "ఇతనితో పెద్ద పేచీ" అనిపించుకుంటాడు, అందుకే చాలామంది అడగడం మానేస్తారు.

మొదటిడిగ్రీ:
మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. ఫీజు రాయితీ వచ్చింది, సీటు వచ్చింది, ఇక అంతా సమానమే అన్నారు. లోపలికి వెళ్ళాక తెలిసింది, రాయని నియమాలు బోలెడు ఉంటాయని. ప్రొఫెసర్ గదికి వెళ్ళి సందేహం అడగొచ్చని నాకు తెలియదు, పిలిస్తేనే వెళ్ళాలనుకున్నాను. సిఫారసు లేఖ అడగడానికి ముందు వాళ్ళతో పరిచయం ఉండాలని తెలియదు. జీతం లేని ఇంటర్న్‌షిప్పులు చేసినవాళ్ళకే తర్వాత ఉద్యోగాలు తేలిగ్గా దొరికాయి. జీతం లేకుండా నెలల తరబడి ఉండగలిగేది ఎవరు?

మా డిపార్ట్‌మెంటులో ఒక మేడమ్ ఇవన్నీ ఒక కాగితంలో రాసి మొదటివారమే అందరికీ పంచిపెట్టారు. ఎవరిని ఎప్పుడు కలవాలి, మెయిల్ ఎలా రాయాలి, గడువు దాటితే ఎవరికి చెప్పాలి. క్లాసులో ప్రశ్న అడిగాక రెండు నిమిషాలు రాసుకోనిచ్చి అప్పుడు పిలిచేవారు. నోరున్న నలుగురే కాకుండా మిగతావాళ్ళమూ మాట్లాడటం మొదలుపెట్టాం.

నీలిసిరా:
ఇవి నాకు చాలా ఉపయోగం. ఒక చిక్కు ఉంది. మా పైవాళ్ళు అందరికీ డైవర్సిటీ మీద ట్రైనింగ్ తప్పనిసరి చేద్దామంటున్నారు. చేస్తే సరిపోతుందా?

నియామకాలబల్ల:
సరిపోదు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కి పైగా అమెరికన్ కంపెనీల మూడు దశాబ్దాల లెక్కలు చూసి 2016లో రాశారు. మేనేజర్లకి ట్రైనింగ్ తప్పనిసరి చేసిన కంపెనీల్లో అయిదేళ్ళ తర్వాత కూడా మేనేజర్ పదవుల్లో తెల్లజాతి స్త్రీలు, నల్లజాతి పురుషులు, హిస్పానిక్‌ల (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళ) వాటా పెరగలేదు. నల్లజాతి స్త్రీల వాటా సగటున 9 శాతం తగ్గింది కూడా. బలవంతంగా కూర్చోబెడితే మనిషి మొండికేస్తాడు. మెంటరింగ్, వివిధ విభాగాలవాళ్ళతో వేసిన బాధ్యత గల బృందాలు మేలు చేశాయి. ఒక సీనియర్‌కి ఒక జూనియర్‌ని అప్పగించి, ఆ జూనియర్ ఎదుగుదల గురించి అడుగుతూ ఉంటే, ఆ సీనియర్ ఆ మనిషి తరఫున తనే మాట్లాడతాడు. మా దగ్గర నేను చూసింది కూడా ఇదే.

మళ్ళీడెస్కుకి:
ప్రసూతి సెలవు తర్వాత తిరిగి చేరాను. వచ్చేసరికి నా ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేశారు. "నీకు తేలిగ్గా ఉంటుందనే" అన్నారు. మనసులో మంచే ఉంది, నేను కాదనను. కానీ నన్ను అడగలేదు. ఆ తేలిక పనిలో ప్రమోషన్ రాదు. ఎవరికైనా సాయం చెయ్యాలనుకుంటే ముందు ఆ మనిషిని అడగండి అని మీ కమిటీ కాగితంలో మొదటి లైనుగా రాయండి నీలిసిరా గారూ.

జీతాలు కూడా చూడండి. సమాన విలువ గల పనికి స్త్రీ పురుషులకి సమాన వేతనం అన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1951 నాటిది. అయినా మా దగ్గర ఎవరి జీతం ఎంతో ఎవరికీ తెలియదు. పదవికి ఇంత నుంచి ఇంతవరకు అని ప్రకటిస్తే చాలు, సగం గుసగుసలు పోతాయి. మీటింగు నోట్సు ప్రతిసారీ ఆడవాళ్ళచేతే రాయించడం కూడా ఆపండి, వంతులు వేసుకోండి.

సూటిమాట:
అందరూ ఓపిగ్గా చెప్పారు. పనితో సంబంధం లేని అర్హతలు తీసెయ్యడం, అందరికీ అవే ప్రశ్నలు వెయ్యడం, వీటికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇవి కష్టపడ్డవాడికి కూడా మేలే. కానీ ఫలానా వర్గంవాళ్ళు ఇంతమంది ఉంటేనే మేనేజర్‌కి బోనస్ అనే పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. దానివల్ల సొంత ప్రతిభతో వచ్చినవాళ్ళని కూడా జనం అనుమానంగా చూస్తారు.

తీర్పుపుస్తకం:
ఆ అనుమానం నిజమే, దాని బరువు మోసేది వచ్చినవాళ్ళే. గుంపులో ఒక్కరే వేరుగా ఉంటే ఆ ఒక్కరి పొరపాటు మొత్తం వర్గం పొరపాటుగా లెక్కకి వస్తుందని రోజాబెత్ మాస్ కాంటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1977లోనే రాశారు. అందుకే నేను అంకెలు వద్దనను. ఏ మెట్టు దగ్గర ఎవరు రాలిపోతున్నారో తెలుసుకోవడానికి అంకెలు కావాలి. బోనస్‌తో ముడిపెట్టడం దగ్గర మీతో నాకు పెద్ద తేడా లేదు.

నీలిసిరా:
మా ప్రతిపాదనలో ఇవి పెడుతున్నాను: ఇంటర్వ్యూ కాగితం, జీతాల పరిధి ప్రకటన, మెంటరింగ్, నోట్సు వంతులు, అన్ని మీటింగులకీ కాప్షన్లు, కొత్తగా చేరినవాళ్ళకి మొదటిడిగ్రీ గారు చెప్పినలాంటి కాగితం. ట్రైనింగ్ ఇష్టమున్నవాళ్ళకే. కాప్షన్ల గురించి ఒక్క మాట అడగాలి. తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడితే అవి తప్పులతడకగా వస్తున్నాయి. ఏం చెయ్యాలి?

పెదవులుచూసేమనిషి:
వస్తాయి, ముఖ్యంగా మనుషుల పేర్లు, ప్రాజెక్టు పేర్లు. మీటింగు మొదలవ్వగానే చర్చించే అంశాలు, వచ్చినవాళ్ళ పేర్లు, వాడబోయే ముఖ్యమైన మాటలు చాట్‌లో పెట్టించండి. తప్పు పడ్డా మేం పోల్చుకోగలం. నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఒకరు ఆ వాక్యాన్ని చాట్‌లో టైప్ చెయ్యాలి. అంకెలు, తేదీలు మాత్రం ఎప్పుడూ రాతలోనే. కొన్ని అంకెలు పెదవుల మీద దాదాపు ఒకేలా కనిపిస్తాయి.