అప్‌డేట్: ఆస్వాంగ్ నిజమేనా అని అడిగాను కదా

ఫిలిప్పీన్స్‌లోని దావావోలో ఎంబీబీఎస్ చదువుతున్నా, మా హాస్టల్ వంటావిడ ఆస్వాంగ్ (ఇక్కడి జానపద కథల్లో మనుషుల్ని పీక్కుతినే దెయ్యం) గురించి చెప్తే నిద్ర పట్టక, నిజంగా ఉంటాయా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. రిప్లై ఇచ్చిన అన్నలకి, అక్కలకి చాలా థ్యాంక్స్.

ఆవిడ చెప్పింది మననంగల్ అనే రకం ఆస్వాంగ్ గురించి, అంటే నడుము దగ్గర రెండుగా విడిపోయి పై సగం రెక్కలతో ఎగిరి గర్భిణుల దగ్గరికి వస్తుందంట, కింద సగం మీద ఉప్పు చల్లితే మళ్ళీ అతుక్కోలేదంట.

ఆస్వాంగ్‌లకి పేరుపడ్డ ప్రాంతం పనాయ్ దీవిలోని కాపిజ్ రాష్ట్రం. అక్కడే లుబాగ్ అనే జన్యు జబ్బు ఎక్కువ, డాక్టర్లు ఎక్స్‌డీపీ అంటారు, ఎక్కువగా మగవాళ్ళకే వస్తుంది, ఒళ్ళు మెలికలు తిరుగుతుంది, నాలుక దానంతటదే బయటికొస్తుంది. పాపం, అలాంటి రోగుల్ని చూసే ఈ కథ బలపడి ఉంటుందని కొందరు డాక్టర్ల అభిప్రాయం, నాకూ అదే నిజం అనిపిస్తోంది.

ఇంకోటి, 1950ల్లో ఇక్కడి హుక్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటుదారుల్ని భయపెట్టడానికి సైన్యం వాళ్ళు, ఆస్వాంగ్ పనే అనిపించేలా, వాళ్ళలో ఒకడి మెడకి రెండు గాట్లు పెట్టి రక్తం కార్చి శవాన్ని దారిలో పడేశారు, ఈ సంగతి అమెరికన్ అధికారి ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ స్వయంగా రాసుకున్నాడు. అది చదివాక దెయ్యం కంటే మనుషులంటేనే భయమేసింది.

నిన్న వంటావిడతో మార్కెట్‌కి వెళ్తుంటే దారిలో మట్టి పుట్ట కనిపించింది, ఆవిడ తల వంచి "తాబి తాబి పో" అంది, అందులో ఉండే నూనో అనే ముసలాయన్ని తప్పుకోమని అడగడం అంట. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మా అమ్మమ్మ గుర్తొచ్చి నేనూ అన్నాను.