వేడి దేశానికి వచ్చాక దురద ఆగట్లేదు, ఏ క్రీమ్ వాడాలి?

ఉక్కపోత_బాధితుడు

చాలా ఏళ్లు చలి దేశంలో ఉండి, ఉద్యోగం పేరుతో భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న దేశానికి వచ్చి పడ్డాను. ఇక్కడ ఎండ కంటే తేమే చంపుతోంది, స్నానం చేసి తుడుచుకునే లోపే మళ్లీ చెమట. వచ్చిన కొత్తలో వీపు మీదా మెడ వెనకా సన్నగా ఎర్రటి పొక్కులు లేచి సూదులతో గుచ్చినట్టు చురచురలాడేవి. ఏసీ గదిలో ఉంటే తగ్గిపోయేవి కాబట్టి పట్టించుకోలేదు.

ఇప్పుడు అసలు బాధ గజ్జల్లో. ముందు చిన్న బిళ్లంత ఎర్రమచ్చ వచ్చింది. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, రాయగానే దురద మాయం, ఆహా అనుకున్నా. ఆపగానే రెట్టింపై తిరిగొచ్చింది. రాస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది, అలా అలా తొడల దాకా పాకింది, మచ్చకి అంచు కూడా సరిగ్గా తెలియట్లేదు. మీటింగుల్లో గోక్కోలేక, గోక్కోకుండా ఉండలేక నరకం. ఈ వాతావరణం నా ఒంటికి పడదా, లేక ఇంకా పవర్ ఉన్న క్రీమ్ ఏదైనా ఉందా? చెమటకి రోజుకు మూడు నాలుగు సార్లు సబ్బుతో రుద్ది స్నానం చేస్తున్నా, అది మంచిదేనా?

నీడపట్టు

మీరు రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేస్తున్నారండీ. వీపు మీద వచ్చినవి చెమటకాయలు. చెమట బయటికొచ్చే సన్నటి గొట్టాలు మూసుకుపోయి, చెమట చర్మం లోపలే చిక్కుకుంటే అవి వస్తాయి. వాటికి మందు కంటే చల్లదనం ముఖ్యం, ఒళ్లు కాసేపు పొడిగా, గాలి తగిలేలా ఉంటే చాలు. వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకోండి, మరీ దురదగా ఉంటే కాలమైన్ లోషన్ రాయండి. నూనెలు, జిడ్డుగా ఉండే క్రీములు మాత్రం వద్దు, ఉన్న దారి కూడా మూసేస్తాయి. పౌడర్ కూడా తడి ఒంటి మీద కుమ్మరిస్తే ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది తప్ప ఒరిగేదేం లేదు.

సబ్బు గురించి: స్నానం ఎన్నిసార్లు చేసినా ఫర్వాలేదు, ప్రతిసారీ సబ్బు అక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలకు ఒకసారి చాలు, మిగతా సార్లు మామూలు నీళ్లు పోసుకోండి. అతిగా రుద్దితే చర్మం పైపొర దెబ్బతిని, చెమట తగిలినప్పుడల్లా మంట పుడుతుంది.

గజ్జల్లోది చెమటకాయల్లా లేదు. ఆ ట్యూబు మీద ఏం రాసుందో ఒకసారి చదివి ఇక్కడ పెట్టండి, బ్రాండు పేరు కాదు, కింద సన్నటి అక్షరాల్లో ఉండే మందుల పేర్లు.

దారినపోయే_దానయ్య

అన్నా టెన్షన్ పడకు, కొత్తలో అందరికీ ఇంతే. కొన్నాళ్లకి ఒళ్లు అలవాటు పడుతుంది, అదే పోతుంది.

ఉక్కపోత_బాధితుడు

ట్యూబు మీద క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని మూడు ఉన్నాయి. మూడు మందులంటే మంచిదే కదా, ఏదో ఒకటి పని చేస్తుంది?

మందులపెట్టె

ఫార్మసీలో పని చేస్తాను కాబట్టి ఈ ట్యూబు కథ రోజూ చూస్తుంటాను. మీకున్నది చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు చెప్పే తీరంతా తామరదే. తామర అంటే ఫంగస్. మీ ట్యూబులో ఫంగస్‌ను చంపేది మైకోనజోల్ ఒక్కటే. నియోమైసిన్ బ్యాక్టీరియాకి, అది ఇక్కడ అనవసరం, పైగా కొందరికి దాంతోనే ఎలర్జీ వస్తుంది. ఇక క్లోబెటసాల్ స్టెరాయిడ్, అదీ పూత మందుల్లో అన్నిటికంటే బలమైన రకం. దురద, ఎరుపు అనేవి ఫంగస్ మీద మన ఒళ్లు చేసే పోరాటం వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. మీకేమో హాయిగా ఉంటుంది, ఫంగస్‌కేమో కాపలా లేని చేను దొరుకుతుంది. మామూలు తామరకి గుండ్రంగా, కాస్త లేచిన అంచు, మధ్యలో మానినట్టు ఉంటుంది. స్టెరాయిడ్ పడితే ఆ రూపం చెరిగిపోయి డాక్టర్లు కూడా తికమక పడతారు. గజ్జల్లాంటి పలుచని చోట ఇది నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు మళ్లీ పోవు.

కాబట్టి ఇంకా పవర్ ఉన్నది కావాలి అనే ఆలోచన ముందు మానేయండి. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఏ ట్యూబు ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి, వీలైతే ట్యూబునే పట్టుకెళ్లండి. మచ్చ మీది పొట్టు కాస్త గీరి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ ఉందో లేదో తేలిపోతుంది. ఆ ట్యూబు ఆపాక కొన్నాళ్లు మంట, ఎరుపు పెరగొచ్చు, అప్పుడు భయపడి మళ్లీ దాన్నే అందుకోవద్దు. చిన్న మచ్చ అయితే క్లోట్రిమజోల్ లేదా టెర్బినఫిన్ క్రీమ్ సరిపోతుంది. మచ్చ మీదే కాక చుట్టూ ఒక రెండు సెంటీమీటర్ల మేర రాయాలి, తగ్గినట్టు కనబడ్డాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు రాయాలి. మీది ఇంత పాకింది కాబట్టి మాత్రలు అవసరం పడొచ్చు, అవి ఎవరో చెప్పారని సొంతంగా మింగేవి కావు.

ఇంకోటి, మీ కాలి వేళ్ల సందులు చూసుకోండి. అక్కడ తెల్లగా నాని, పొట్టు రేగి ఉంటే తామర మొదలైంది అక్కడే కావచ్చు. డ్రాయర్ పాదాల మీదుగా పైకి లాగేటప్పుడు అది గజ్జల్లోకి ఎక్కుతుంది. అందుకే ముందు సాక్సు తొడుక్కుని ఆ తర్వాత డ్రాయర్ వేసుకోమంటారు. నవ్వొచ్చినా చేయండి. పాదాలకీ వైద్యం చేయండి, పాదాలు తుడిచిన తువ్వాలుతో గజ్జలు తుడవకండి, మీ తువ్వాలు ఇంట్లో వేరేవాళ్లకి ఇవ్వకండి.

దానయ్య గారూ, ఒళ్లు వేడికి అలవాటు పడే మాట నిజమే, దానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కానీ అలవాటు పడటమంటే చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం. అంటే ఫంగస్‌కి ఇంకా తడి. అది దానంతట అది పోయేది కాదు.

దారినపోయే_దానయ్య

సరే ఒప్పుకున్నా. అయితే నాకు తెలిసింది కూడా చెప్తా, కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుంది. సహారాకి దక్షిణాన ఆఫ్రికా దేశాల్లో తుంబు ఈగ అని ఒకటుంటుంది, ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. బట్ట వేసుకున్నాక పిల్ల పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది, దగ్గరగా చూస్తే నడుమ చిన్న రంధ్రం, అందులో ఏదో కదులుతున్నట్టు ఉంటుంది. పిండితే లోపలే చితికి చీము పడుతుంది. రంధ్రం మీద మందంగా వాజెలిన్ రాస్తే గాలాడక పైకొస్తుంది, అప్పుడు తీయాలి, తీసేది నర్సో డాక్టరో అయితే మేలు. అక్కడ లోబట్టలతో సహా అన్నిటికీ రెండు వైపులా, కుట్ల దగ్గర కూడా వేడిగా ఇస్త్రీ చేయాల్సిందే. బద్ధకిస్తే అంతే సంగతులు.

బీచ్‌లో చెప్పుల్లేకుండా తిరిగాక పాదం మీద ఎర్రటి వంకర గీత రోజురోజుకీ ముందుకు జరుగుతుంటే అది కుక్కల, పిల్లుల కొంకిపురుగు పిల్ల. దానికి ఐవర్‌మెక్టిన్‌గానీ ఆల్బెండజోల్‌గానీ డాక్టర్ రాస్తారు. బ్లేడుతో కోసి తీయబోయే వీరులున్నారు, దండం పెడతా, వద్దు. గీత కనిపించే చోట పురుగు ఉండదు, అప్పటికే ముందుకెళ్లిపోయి ఉంటుంది.

సముద్రపుగాలి

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ ఇలాంటిదే. భుజాల మీద, ఛాతీ మీద తెల్లటి మచ్చలు, దురద పెద్దగా లేదు, ఎండకి మిగతా ఒళ్లు నల్లబడే కొద్దీ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. షాంపూ ఒళ్లంతా రాసుకోమన్నారు డాక్టర్, పొరపాటున రాశారేమో అనుకున్నా. రాశాను కూడా, మచ్చలు అలాగే ఉన్నాయి. పైగా మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నా, ఈమధ్య కాసేపు ఎండలో నడిచినా ముక్కు, చేతులు కాలినట్టు ఎర్రబడుతున్నాయి.

మందులపెట్టె

పొరపాటు కాదు. అవి శోభి మచ్చలై ఉంటాయి, చర్మం మీద మామూలుగా బతికే ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ ఉక్కకి రెచ్చిపోతే వస్తాయి. కీటోకొనజోల్ షాంపూగానీ సెలీనియం సల్ఫైడ్‌గానీ మచ్చలున్న చోట రాసి, ఐదు పది నిమిషాలుంచి కడగాలి, ఎన్ని రోజులన్నది డాక్టర్ చెప్పినట్టే చేయండి. ఫంగస్ చచ్చాక కూడా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. గోటితో మెల్లగా గీరితే సన్నటి పొట్టు రాలట్లేదంటే మందు పని చేసినట్టే. తెల్లమచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం ఏ షాంపూలూ వద్దు, వెంటనే చూపించుకోండి, కుష్టు కాదని తేల్చుకోవాలి.

ఎండకి కాలడం డాక్సీసైక్లిన్ వల్లే కావచ్చు, దానికి ఆ గుణం ఉంది. అలాగని మాత్ర మీరే ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌ని అడిగితే వేరే మాత్రకి మారుస్తారు. ఈలోగా ఫుల్ చేతుల చొక్కా, టోపీ, ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి. దోమల మందు కూడా పూస్తారు కదా, ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక దోమల మందు రాయండి.