భోపాల్ చెత్త కాల్చేశారు. ఇక అక్కడి నేల బాగుపడినట్టేనా?

వరంగల్ వాసి:
యూనియన్ కార్బైడ్ పురుగు మందుల ఫ్యాక్టరీలో ఏళ్లుగా మూలుగుతున్న 337 టన్నుల విషపు చెత్తను 2025 జనవరిలో 12 కంటైనర్లలో ఇండోర్ దగ్గరి పీథంపూర్ తరలించి, జూన్ ఆఖరుకల్లా కాల్చేశారు. హైకోర్టు గట్టిగా మందలిస్తేనే ఈ మాత్రమైనా కదిలింది. దీన్నీ తప్పుపడుతుంటే బాధేస్తోంది. 2012లో ఓ జర్మనీ సంస్థ విమానంలో తీసుకెళ్తానని ముందుకొచ్చి, చివరికి వెనక్కి తగ్గింది. అందరూ వద్దంటే అది ఎక్కడికి పోవాలి?

ఇండోర్ తెలుగు:
పీథంపూర్ జనం రోడ్డెక్కింది ఊరికే కాదు. సున్నం వగైరా కలిపి కాలుస్తారు కాబట్టి మిగిలిన బూడిదే 800 టన్నులు దాటింది. దాన్ని పెట్టేది కూడా ఇక్కడేగా?

కెమిస్ట్రీ లెక్చరర్:
వరంగల్ వాసి గారూ, ఆ 337 టన్నులు పోగు చేసి షెడ్డులో పెట్టిన చెత్త మాత్రమేనండీ. మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పరిశీలించి 2010లో తేల్చిన లెక్క వేరే: శుద్ధి చేయాల్సిన మట్టి 11 లక్షల టన్నులు!

అక్కడ తయారైన సెవిన్ అనే పురుగు మందు నేలలో కొన్ని వారాల్లోనే విరిగిపోతుంది. మొండిగా మిగిలేవి హెచ్‌సీహెచ్ అనే మరో పురుగు మందు, పాదరసం, క్లోరోబెంజీన్లు అనే ద్రావకాలు. క్లోరోబెంజీన్లు నీటికన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతుంటాయి. బోరు కొడితే వచ్చేది ఆ నీళ్లే. వ్యర్థ జలాలు ఎండబెట్టడానికి 1977లో ప్లాస్టిక్ షీటు పరిచి కట్టిన చెరువులు కారుతున్నాయని కంపెనీకి 1982లోనే తెలుసు. అంటే 1984 గ్యాస్ లీకుకన్నా ముందే మొదలైన కాలుష్యమిది. 1989లో గ్యాస్ కేసుకు కుదిరిన 47 కోట్ల డాలర్ల రాజీతో ఇదీ తీరిపోయిందంటే నేనొప్పుకోను.

వరంగల్ వాసి:
2001లో కార్బైడ్‌ను కొన్న డౌ కంపెనీ తనకు బాధ్యత లేదంటోంది. శుద్ధి కోసం కేంద్రం అడిగిన 100 కోట్లకే దిక్కు లేదు. వాళ్లిచ్చేదాకా ఆగుదామా?

కెమిస్ట్రీ లెక్చరర్:
ఆగొద్దు. ప్రభుత్వమే ముందు ఖర్చు పెట్టి, కోర్టులో వసూలు చేసుకోవాలి. అయితే ఆ డబ్బుతో గ్యాస్ మృతులకు స్మారకం కట్టే పని తర్వాత. ఆ చెరువుల అడుగు మట్టి తవ్వి తీయడం ముందు జరగాలి. ప్రతి వానకూ అందులోంచి విషం ఇంకా కిందికి దిగుతూనే ఉంది.