ఫ్లమెంకో బిగినర్ వర్క్‌షాప్: ముందు స్టెప్పులా, చప్పట్లా?

గోదారిగట్టు:
సెలవుల్లో స్పెయిన్‌లోని సెవిల్ వెళ్లినప్పుడు ట్రియానా పేటలో ఒక స్టూడియోలో ఫ్లమెంకో (పాట, గిటార్, డాన్సు కలిసిన అక్కడి కళ) బిగినర్ వర్క్‌షాప్ చేశాం. గంటన్నర క్లాసులో ముప్పావు వంతు చప్పట్లే! వాటిని అక్కడ పాల్మాస్ అంటారు. కుడిచేతి వేళ్లు ఎడమ అరచేతిలో చటుక్కున పడితే పదునైన శబ్దం. రెండు అరచేతులూ గుల్లగా పట్టి కొడితే మెత్తటి శబ్దం, ఇది పాట నడిచేటప్పుడు గొంతును మింగేయకుండా. చివర్లో నాలుగు అడుగులు, మణికట్టు తిప్పడం, అంతే. మా ఆయన బయటికి రాగానే "ఈ చప్పట్లేవో మన రామాలయం భజనలో ఫ్రీగా కొట్టేవాణ్ణిగా" అన్నారు. నాకైతే నచ్చింది. ఒక్కపూట కోసం వచ్చేవాళ్లకి ఇలా నేర్పడం న్యాయమేనా? మీరేమంటారు?

పెసరట్టు_ప్రియుడు:
మీ ఆయనకే నా ఓటు. డబ్బు కట్టి ఒక్కపూట వచ్చినవాళ్లు ఆర్టిస్టులు అవుదామని రారు. ఇంటికెళ్లాక పదిమందిలో వేసి చూపించడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి. సెవియానాస్ ఉందిగా! ఏప్రిల్ జాతరలో సెవిల్ జనమంతా జంటలుగా ఆడేది అదే. నాలుగు భాగాల్లో మొదటిది సగం నేర్పినా చాలు, ఫొటోలకి ఫొటోలు, సరదాకి సరదా.

మాడ్రిడ్_తెలుగోడు:
సెవియానాస్ సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ అది జానపదం, అసలు ఫ్లమెంకో కిందికి రాదనేవాళ్లు అక్కడే బోలెడుమంది. ఫ్లమెంకోకి ప్రాణం కొంపాస్, అంటే తాళం నడక. అందులో బులెరియా అనే రకం తీసుకోండి, పన్నెండు లెక్కలు. లెక్క 12 నుంచి మొదలుపెట్టి (12, 1, 2 అలా) 12, 3, 6, 8, 10 మీద ఒత్తు. మన నోటితో అంటే "తకిట తకిట తక తక తక". అదే ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఇది ఒంటికి పట్టకుండా కాలు ఆడిస్తే గిటార్ ఒక దారి, మీరొక దారి. పైగా అక్కడ డాన్సర్ పాటకి అనుగుణంగా ఆడి ఊరుకోరు. యమాదా అని ఒక అడుగుల వరుస వేసి గాయకుణ్ణి పాటలోకి పిలుస్తారు. లెక్క తప్పితే ఎవర్ని ఎప్పుడు పిలుస్తారు? సెవిల్ స్కూళ్లలో పాల్మాస్‌కి విడిగా క్లాసులు ఉండేది ఊరికే కాదు.

గజ్జెలు:
కూచిపూడి నేర్పుతుంటాను కాబట్టి ఒక మాట. తాళం ముందు అనేది ఒప్పుకుంటా. కానీ చేతుల్ని, కాళ్లని విడదీసి గంటసేపు కూర్చోబెట్టడం ఏమిటండీ? మా దగ్గర పిల్లకి మొదటిరోజు తాళం మీద ఉపన్యాసం ఇవ్వం. అడుగు వేయిస్తాం, పక్కన కర్రతో తాళం నడుస్తుంది, ఆ పిల్ల నోటితో "తై" అంటుంది. లెక్క మడమలోంచి పైకెక్కాలి. ఫ్లమెంకోలో అయితే అసలు పాదమే వాయిద్యం. బూటు ముందు భాగంలోనూ, మడమకింద కూడా మేకులు కొట్టి ఉంటాయి, చెక్క నేల పలకాలని. ఆ నేల మీద నిలబెట్టి చప్పట్లే కొట్టిస్తే నాకూ చిరాకే. అయితే కొత్తవాళ్లకి మడమబూట్లు ఇచ్చి మొదటిరోజే గబగబా దరువు వేయించడమూ తప్పే, మోకాళ్లు పట్టేస్తాయి.

దేశభక్తుడు:
ఎందుకండీ ఇంత గొడవ, ఫ్లమెంకో కథక్ నుంచి పుట్టిందేగా. మన డాన్సే మనకి అమ్ముతున్నారు.

మాడ్రిడ్_తెలుగోడు:
ఆ మాట యూట్యూబ్ వీడియోల కింద రోజూ కనిపిస్తుంది. జిప్సీలని పిలిచే రోమా జనం భాష మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయన్నది నిజం. వాళ్లు స్పెయిన్ చేరినట్టు 1425 నాటి పత్రం ఉంది. కానీ ఫ్లమెంకో రూపు కట్టింది దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో, ప్రధానంగా 18, 19 శతాబ్దాల్లో. అక్కడి హితానోలు (స్పెయిన్ రోమాలు), వాళ్ల ఇరుగుపొరుగు, వాళ్లు పడ్డ బాధలు, కాఫీ క్లబ్బుల వేదికలు, అన్నీ కలిస్తే వచ్చింది. 2010లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది కూడా స్పెయిన్ వారసత్వంగానే. పాదాల చప్పుడు ఒకేలా వినిపించినంత మాత్రాన మనదైపోదు.

గజ్జెలు గారూ, మీ మాటలో పాయింటు ఉంది. బిగినర్లకి బులెరియా కాకుండా తాంగోస్ ఎత్తుకుంటే సరి. అర్జెంటీనా టాంగో కాదు, ఇది వేరు. నాలుగే లెక్కలు. మొదటిది పాదంతో, మిగతా మూడూ చప్పట్లతో.

గజ్జెలు:
అలాగైతే నాకు పేచీ లేదు. పది నిమిషాల్లో నడకలోకి దించొచ్చు.

గోదారిగట్టు:
మాకు చేయించింది పన్నెండు లెక్కలదే, అందుకే మా ఆయన మధ్యలో చేతులెత్తేశారు. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆ రాత్రి ఒక చిన్న హాల్లో ప్రోగ్రాం చూస్తుంటే పక్కన కుర్చీలో కూర్చున్న చప్పట్ల మనిషి ఎప్పుడు మెత్తబడుతున్నాడో, ఎప్పుడు పదును పెంచుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. స్టెప్పులు నేర్చుకుని ఉంటే నేను డాన్సర్ కాళ్ల వైపే చూస్తూ కూర్చునేదాన్ని. కాకపోతే బుకింగ్ పేజీలో కుచ్చుల గౌను ఫొటో పెట్టి, చప్పట్ల ఊసే ఎత్తకపోవడం మాత్రం బాగాలేదు.

పెసరట్టు_ప్రియుడు:
అదే నేనూ అనేది! ముందే రాసి ఉంటే మీ ఆయన ఆ గంటన్నరా పక్కన కాఫీ తాగుతూ కూర్చునేవారు. నాలుగు లెక్కల క్లాసు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వస్తా. పన్నెండు నా వల్ల కాదు.